మేల్కొనుటకు ముందటి నిర్ణయము

ఒకే కంప్యూటరునందు రెండు ఆపరేటింగ్ సిస్టములను నిలుపుకొనువారు మనలో తక్కువవారు కారు. తెలుగునాట పెక్కు ఇంజనీరింగు కళాశాలల ప్రయోగశాలలలో యంత్రచిత్రలేఖనమునకై విండోసును, సీ భాషాభ్యాసమునకై లినక్సును ఒకే డిస్కులో భాగములు చేసి యుంచుట పరిపాటి. ఇంటివద్ద కొలువుపని లినక్సులోను, పిల్లల ఆటలు విండోసులోను నడుపుకొను గృహస్థులును గలరు. అట్టి యంత్రమును మీట నొక్కి లేపినప్పుడు నల్లని తెరపై ఒక చిన్న మెనూ కనబడును. బాణపుగుర్తుల మీటలతో పైకిని క్రిందికిని జరిపి, కోరినదానిపై నిలిపి, ఎంటర్ నొక్కినచో అదియే మేల్కొనును. ఎవరును ఏమియు నొక్కకున్నచో కొన్ని సెకనులు వేచి, వరుసలో మొదటిదానికే అధికారము అప్పగింపబడును. ఇంతవరకు పలువు రెరిగినదే. మనుష్యుడు తెర యెదుట లేకయే, మీట తాకకయే, ఆ యంత్రము తనంతట తాను ఒకప్పుడు దీనిని ఒకప్పుడు దానిని ఎన్నుకొనునట్లు చేయుట యెట్లు, ఆ నిర్ణయమును ఎవరు ఎక్కడ వ్రాసియుంచవలెను అనునది మాత్రము తేటగా తెలిసినవారు కొలదిమంది. అందున్న సూక్ష్మము మిక్కిలి ఆసక్తికరముగా తోచుటచేత దానిని కొంత విపులముగా చెప్పదలచితిని.

చిక్కెక్కడ నున్నదో మొదట చూడవలెను. విండోసు నడచుచున్నంతసేపు లినక్సు డిస్కుపై కదలక పడియుండు అక్షరరాశి మాత్రమే. లినక్సు నడచుచున్నంతసేపు విండోసు గతియు అంతే. ఒకటి ముగిసి రెండవది మొదలగు నడుమ యంత్రపు తాత్కాలిక స్మృతియైన ర్యామ్‌లోని విషయమంతయు వ్యర్థమగును. అందుచే మొదటిదానికి తెలిసిన దేదియు రెండవదానికి సంక్రమింపదు, రెండింటికిని ముఖాముఖి సంభాషణ ఎన్నటికిని పొసగదు. కావున పోవుచున్నది తన యనంతరము ఎవరు రావలెనో వీలునామా వలె ఎక్కడనో వ్రాసి పోవలెను. ఆ వ్రాత కరెంటు పోయినను చెరగని చోట నుండవలెను. మేల్కొలుపు పని చేయు బూట్‌లోడరునకు అది కనబడి చదువుటకు రావలెను. చదివిన పిమ్మట దానిని రద్దు చేయు శక్తియు ఆ బూట్‌లోడరునకు ఉండవలెను. వీనిలో కడపటిదే మిక్కిలి కష్టమైనది. ఎందులకో తెలియవలెనన్న కొంత పూర్వకథ చెప్పక తప్పదు.

బూట్‌లోడరుల చరిత్ర చాలవరకు స్థలలోపముతో పెనగులాడిన చరిత్ర. 1981 లో ఐబీఎం సంస్థ తన పర్సనల్ కంప్యూటరును వెలువరించినప్పుడు దానికి హార్డ్‌డిస్కు లేదు. 1983 లో డాస్ రెండవ కూర్పుతో హార్డ్‌డిస్కులకు ప్రవేశము లభించినప్పుడు, డిస్కును భాగములు చేయు పద్ధతియు, ఆ భాగముల పట్టికను డిస్కు మొట్టమొదటి సెక్టారునందు ఉంచు ఆచారమును స్థిరపడినవి. ఆ సెక్టారు పరిమాణము 512 బైట్లు. అందు నాలుగు భాగములను వర్ణించు పట్టికకు 64 బైట్లును, ఇది బూటునకు తగిన సెక్టారని తెలుపు ముద్రకు 2 బైట్లును పోగా, మేల్కొలుపు ప్రోగ్రామునకు మిగిలినవి 446 బైట్లు. అంత కొంచెపు చోటున, డిస్కుపై ఫైళ్లు అమరియుండు తీరు నెరిగిన ప్రోగ్రాము ఇముడుట అసంభవము. తన కన్న పెద్దదైన మరియొక ప్రోగ్రామును వేరొక చోటినుండి తెచ్చి ర్యామ్‌లో నిలుపుటకు మాత్రమే అది చాలును. తక్కిన పని యంతయు ఆ రెండవదాని వంతు.

1991 లో లినక్సు పుట్టగా, మరుసటి యేటనే వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ దానికొరకు లిలో అను బూట్‌లోడరును రచించెను. లిలోకు ఫైళ్ల పేర్లు తెలియవు. లినక్సు కెర్నెల్ డిస్కుపై ఏయే స్థానములలో ఉన్నదో ఆ సంఖ్యలను మాత్రము అది ముందుగా వ్రాసిపెట్టుకొనును; కెర్నెల్‌ను మార్చినవాడు లిలో ఆజ్ఞను మరల నడిపి ఆ సంఖ్యలను సరిచేయించుట మరచెనా, మరునాడు యంత్రము లేవదు. ఐనను ఆ లిలోనందే, తరువాతి ఒక్క బూటునకు మాత్రమే వర్తించు ఆదేశమును ముందుగా వ్రాసియుంచు సదుపాయము ఉండెను. అనగా మనము చెప్పుకొనుచున్న విద్య నిన్న మొన్నటిది కాదు.

నేడు అత్యధికముగా వాడుకలో నున్న గ్రబ్‌నకు వేరొక జన్మకారణము గలదు. ఎరిక్ బోలిన్ అను నాతడు 1995 లో గ్నూ హర్డ్ అను ఆపరేటింగ్ సిస్టమును మేల్కొల్పుటకై దానిని ఆరంభించెను. 1999 లో అది గ్నూ ప్రాజెక్టు యొక్క అధికారిక సాధనమయ్యెను. తరువాత మొదటినుండి తిరుగవ్రాయబడి, 2012 లో గ్రబ్ 2.00 గా వెలువడెను. లిలోకును దీనికిని గల ముఖ్యభేదము, గ్రబ్ ఫైలుసిస్టములను తానే చదువనేర్చినది. ఎక్స్‌ట్-ఫోర్, ఫ్యాట్, ఎన్‌టీఎఫ్ఎస్ మొదలగు పెక్కు విధముల డిస్కు అమరికలలో పేరు చెప్పి ఫైలు నడిగినచో వెదకి తెచ్చుకొనగలదు. చదువనేర్చినదని మాత్రమే అంటిని, వ్రాయనేర్చినదని అనలేదు. ఈ వాక్యమును పాఠకులు దయతో జ్ఞాపకముంచుకొనవలెను, కథ యంతయు దీనిమీదనే నడచును.

గ్రబ్ సెట్టింగులు లినక్సునందు ఈటీసీ అను ఫోల్డరులోని డిఫాల్ట్ అను ఉపఫోల్డరునందు, గ్రబ్ అను పేరుగల చిన్న ఫైలులో ఉండును. అందు గ్రబ్ డిఫాల్ట్ అను పంక్తి ఎవరిని మేల్కొల్పవలెనో చెప్పును; గ్రబ్ టైమవుట్ అను పంక్తి ఎన్ని సెకనులు వేచియుండవలెనో చెప్పును. టైమవుట్ విలువ సున్న యైనచో నిరీక్షణ లేదు. ఋణము ఒకటి యైనచో ఎవరైన వచ్చి మీట నొక్కువరకు మెనూ అట్లే నిలిచియుండును. ఈ ఫైలును మార్చినంతమాత్రమున ఫలము లేదు; ఉబుంటులో అప్‌డేట్-గ్రబ్ అను ఆజ్ఞను, ఫెడోరావంటి వానిలో దానికి సమానమైన ఆజ్ఞను నడిపినప్పుడు అసలు మెనూ ఫైలు క్రొత్తగా తయారగును. ఆ తయారైన ఫైలును చేతితో దిద్దుట వృథాశ్రమ. మరునాడు కెర్నెల్ అప్‌డేట్ వచ్చినప్పుడు ఆ దిద్దుబాటు లన్నియు కొట్టుకొనిపోవును. ఇంకొక సంగతి: 2021 లో వెలువడిన గ్రబ్ 2.06 నుండి, డిస్కుపై గల ఇతర ఆపరేటింగ్ సిస్టములను వెదకు ఓఎస్-ప్రోబర్ భద్రతాకారణములచే మామూలుగా ఆపివేయబడినది. మెనూలో విండోసు కానరాలేదని కంగారుపడువారు దానిని సెట్టింగులలో మరల అనుమతించినచో చాలును.

డిఫాల్ట్‌ను సంఖ్యతో సూచించుట సర్వసామాన్యము, ఆ సంఖ్యలు సున్నతో మొదలగును. నాలుగవ పంక్తిలోని విండోసు కావలెనన్న 3 అని వ్రాయవలెను. కాని ఇది ఇసుకమీద పునాది. ర్యామ్‌ను పరీక్షించు ఒక పంక్తి మెనూలో క్రొత్తగా చేరినను, ఉన్నది తొలగినను వరుస తప్పును. విండోసు రావలసినచోట మరియొకటి మేల్కొనును. మెనూలోని ప్రతి పంక్తికిని ఒక శీర్షికయు ఒక ఐడీయు ఉండును. స్వయంచాలకముగా మార్పిడి కోరువాడు సంఖ్యను విడిచి ఆ ఐడీనే పట్టుకొనవలెనని నా నిశ్చితాభిప్రాయము.

ఇక వీలునామా సంగతి. గ్రబ్ డిఫాల్ట్ అను పంక్తియందు సంఖ్యకు బదులు సేవ్డ్ అను మాట ఉంచినచో, గ్రబ్ తన నిర్ణయమునకై బూట్ ఫోల్డరులోని గ్రబ్-ఎన్వ్ అను ఫైలును చూచును. ఈ ఫైలును ఒకమారు తెరచి చూడదగును. మొదటి పంక్తిలో ఇది గ్రబ్ పరిసరసమాచారమని తెలుపు శీర్షిక. క్రొత్త కూర్పులలో దాని క్రింద, గ్రబ్-ఎడిట్-ఎన్వ్ తప్ప వేరే సాధనముతో దీనిని దిద్దరాదను హెచ్చరిక. ఆ క్రింద సేవ్డ్-ఎంట్రీ అను పేరును, దానికెదురుగా మెనూలోని యొక పంక్తి గుర్తును. ఆపైన ఫైలు కడవరకు హ్యాష్ గుర్తులు, ఒకదానివెంట నొకటి, వందలకొలది. చూచినవాడు ఏదియో చెడిపోయినదని భ్రమపడును. చెడిపోవుట కాదు, ఆ ఫైలు సరిగా 1024 బైట్లు ఉండవలెను, ఒక్క బైటు పెరుగరాదు, ఒక్కటి తరుగరాదు, అందుకై ఖాళీ యంతయు హ్యాష్‌లతో పూరింపబడినది. గ్రబ్‌నకు ఫైలుసిస్టమునందు వ్రాయు విద్య లేదని ముందు చెప్పితిని. క్రొత్త ఫైలును సృష్టింపలేదు, ఉన్నదానిని పెంపలేదు. ఈ ఫైలు డిస్కుపై ఏ స్థానములలో ఉన్నదో చదివి తెలిసికొని, ఆ స్థానములందే, ఆ కొలతకే, పాత యక్షరములపై క్రొత్త యక్షరములను మోపగలదు. అంతకు మించి చేయలేదు. నిలువ నీడలేని స్థితిలో, రెండు ఆపరేటింగ్ సిస్టములకును నడుమ, ఈ 1024 బైట్లే గ్రబ్‌నకు గల శాశ్వత జ్ఞాపకము.

ఈ ఫైలునందు వ్రాయదగిన ఆదేశములు రెండు విధములు. గ్రబ్-సెట్-డిఫాల్ట్ అను ఆజ్ఞ శాశ్వతమైనది. మరల మార్చువరకు ప్రతి బూటునకును అదియే వర్తించును. గ్రబ్-రీబూట్ అనునది ఒక్క తడవకు మాత్రమే. నెక్స్ట్-ఎంట్రీ అను పేరుతో తరువాతి బూటునకు ఎవరు రావలెనో వ్రాయును. గ్రబ్ మేల్కొని ఆ పేరును చూడగానే చేయు మొదటి పని దానిని పాటించుట కాదు, చెరిపివేయుట. చదివి మనస్సున నుంచుకొని, ఫైలులో దాని చోటును ఖాళీ చేసి, ఆ ఖాళీని డిస్కుపై వ్రాసి, అటుపిమ్మటనే విండోసును పిలుచును. వీలునామాను అమలుపరచుటకు ముందే చించివేయుట యన వింతగా తోచవచ్చును. కాని, పిలిచిన విండోసు ఏ కారణముచేతనో లేవలేకపోయెననుకొందము. ఆదేశము చెరగక యున్నచో, కరెంటు తీసి పెట్టినప్పుడెల్ల యంత్రము మరల ఆ లేవనిదాని కడకే పోవును. ఎదుట మనుష్యుడు లేని యంత్రమునకు అది అంతులేని చక్రభ్రమణము. ముందే చెరిగినచో, తరువాతి తడవ యంత్రము తన మామూలు డిఫాల్ట్‌నకు తిరిగివచ్చును.

హైదరాబాదులో కొలువు చేయుచు, ఊరిలోని యింట నున్న కంప్యూటరును ఇంటర్నెట్ ద్వారా దూరమునుండి నడుపుకొను నొకనిని ఊహింపుడు. ఆతనికి మామూలుగా లినక్సు కావలెను; అప్పుడప్పుడు విండోసులో మాత్రమే నడచు నొక సాఫ్ట్‌వేరు పని యుండును. డిఫాల్ట్‌గా లినక్సును నిలిపి, కావలసినపుడు దూరమునుండియే గ్రబ్-రీబూట్ ఆజ్ఞతో విండోసును పేర్కొని, రీస్టార్ట్ చేసినచో చాలును. పని ముగిసి విండోసును రీస్టార్ట్ చేయగా యంత్రము తనంతట తాను లినక్సునకు వచ్చును. నడుమ కరెంటు పోయి వచ్చినను, కరెంటు రాగానే యంత్రము లేవవలెనని మదర్‌బోర్డు సెట్టింగులలో చెప్పియున్నచో, లేచునది లినక్సే. శాశ్వతాదేశముకన్న ఏకవార ఆదేశమే శ్రేష్ఠమని నేను వాదించుట ఇందుకే. డిఫాల్ట్ స్థానమున ఎల్లప్పుడును దూరమునుండి చేరుకొన వీలైన సిస్టము నుండవలెను, మార్పు యెప్పుడును తాత్కాలికముగా నుండవలెను. వేసవి మధ్యాహ్నపు కరెంటు కోతలు ఎరిగినవారికి ఈ వాదమును మరింత బలపరచి చెప్పనక్కరలేదు.

ఐనను ఒక లోపమున్నది. గ్రబ్-ఎన్వ్ ఫైలు ఎల్‌వీఎం అను పద్ధతిలో కూర్చిన డిస్కుభాగమునందో, సాఫ్ట్‌వేర్ రెయిడ్ పైననో ఉన్నచో గ్రబ్ దానిని చదువగలదు గాని, అందు వ్రాయలేదు. అప్పుడు ఏకవార ఆదేశము చెరగదు. ఒక్క తడవకని పిలిచిన విండోసు ప్రతి తడవయు వచ్చును. లినక్సునకు చేరి చేతితో ఆ పేరును తొలగించువరకు ఇదే వరుస. దూరమునందున్న యంత్రముపై ఇట్టిది జరిగినచో రైలెక్కి పోవుట తప్ప గత్యంతరము లేదు. కనుక ఈ యేర్పాటును నమ్ముకొనుటకు ముందు, యంత్రము ఎదుట కూర్చుండి, ఆదేశమిచ్చి, వరుసగా రెండు మారులు రీస్టార్ట్ చేసి, రెండవ తడవ అది డిఫాల్ట్‌నకు వచ్చినదో లేదో కన్నులార చూచుకొనవలెను.

ఇటీవలి కంప్యూటరులలో గ్రబ్‌నకు పైన మరియొక అధికారి కలడు. పాత బయోస్ స్థానమున యూఈఎఫ్ఐ అను ఫర్మ్‌వేరు వచ్చినది. దానిని నిర్వహించు సంఘము 2005 లో ఏర్పడినది. ఈ ఫర్మ్‌వేరు 446 బైట్ల యిరుకును విడిచి, ఫ్యాట్ పద్ధతిలో నున్న ఒక చిన్న డిస్కుభాగమునుండి బూట్‌లోడరు ఫైళ్లను పేరుపేరున చదువును; మదర్‌బోర్డుపై నున్న చెరగని స్మృతిలో బూట్-ఆర్డర్ అను వరుసను, బూట్-నెక్స్ట్ అను ఏకవార ఆదేశమును నిలుపును. ఇక్కడను అదే ధర్మము: బూట్-నెక్స్ట్‌లో పేర్కొన్నదానికి అధికారము అప్పగించుటకు ముందే ఫర్మ్‌వేరు ఆ ఆదేశమును తొలగించును. లినక్సునుండి ఈఎఫ్ఐ-బూట్-ఎమ్‌జీఆర్ అను ఆజ్ఞతో దీనిని వ్రాయవచ్చును. డిస్కుపై ఏ ఫైలుసిస్టము ఉన్నను దీనికి పట్టింపు లేదు గావున, గ్రబ్ వ్రాయలేని చోటులలో ఇదియే శరణ్యము.

విండోసు వైపునుండి చూచినప్పుడు ఈ ఫర్మ్‌వేరు మార్గము మరింత విలువైనది. విండోసునకు లినక్సు ఫైలుసిస్టము సహజముగా తెలియదు. గ్రబ్-ఎన్వ్ ఫైలును అది చూడనైన చూడలేదు, వ్రాయుట మాట యటుంచి. కాని బీసీడీ-ఎడిట్ అను ఆజ్ఞకు ఫర్మ్‌వేరు వరుసను తాకు అధికారము కలదు. దానిచేత తరువాతి ఒక్క బూటునకు లినక్సును పేర్కొనవచ్చును. ఇట్లు రెండు సిస్టములకును ఉమ్మడిగా చదువవచ్చు, వ్రాయవచ్చు స్థలము మదర్‌బోర్డుపై లభించినది.

ఏకవార ఆదేశమే మేలంటిని గదా, అది చెల్లని సందర్భ మొకటి కలదు. దానిని దాచుట న్యాయము కాదు. విండోసు అప్‌డేట్ ఒక్క రీస్టార్ట్‌తో ముగియునది కాదు. కొంత పని చేసి రీస్టార్ట్ అడుగును, మేల్కొని మరికొంత చేసి మరల అడుగును. డిఫాల్ట్ లినక్సైనచో మొదటి రీస్టార్ట్‌తోనే యంత్రము లినక్సునకు వచ్చి కూర్చుండును. విండోసు అప్‌డేట్ సగములో నిలిచిపోవును, ఎవరైన వచ్చి మెనూలో విండోసును నొక్కువరకు ముందుకు సాగదు. దీనికి విరుగుడుగా గ్రబ్‌లో సేవ్-డిఫాల్ట్ అను సెట్టింగు కలదు: మెనూలో కడపట ఎవరిని ఎన్నుకొంటిమో వారే తరువాతి డిఫాల్ట్ అగుదురు. విండోసును ఒకమారు ఎన్నుకొన్నచో అప్‌డేట్ ముగియువరకు అన్ని రీస్టార్టులును విండోసునకే పోవును. ఎదుట కూర్చుండి వాడుకొను ఇంటి కంప్యూటరునకు ఇదియే సుఖము. దూరపు యంత్రమునకు ఏకవార ఆదేశము మేలు. ఈ రెండు అవసరములను ఒకే సెట్టింగుతో తీర్చబూనుటయే చాలమంది పడు పాట్లకు మూలము.

మనుష్యుని ఆదేశమును వదలి గడియారమును అనుసరించి మార్పిడి జరుపుటయు సాధ్యమే, ఇందు భారతీయులు ముఖ్యముగా గమనింపదగిన తిరకాసు ఒకటి కలదు. గ్రబ్‌లో డేట్-హుక్ అను మాడ్యూలును చేర్చినచో సంవత్సరము, మాసము, దినము, గంట, నిమిషము విలువలుగా లభించును. గంట తొమ్మిదికి తక్కువ కాక, పదునెనిమిదికి లోపైనచో విండోసు, లేనిచో లినక్సు అని షరతు వ్రాయవచ్చును. వ్రాసి, ఉదయము తొమ్మిదికి యంత్రమును లేపగా లినక్సు మేల్కొనును. గ్రబ్‌నకు టైమ్‌జోనులు తెలియవు. మదర్‌బోర్డు గడియారములో ఏమున్నదో అదియే దానికి కాలము. విండోసు ఆ గడియారమును స్థానికకాలముగా నుంచును. లినక్సు మామూలుగా యూటీసీ కాలముగా నుంచును. యూటీసీకిని మన కాలమునకును భేదము ఐదున్నర గంటలు గావున, మన తొమ్మిది గంటలు ఆ గడియారములో మూడున్నర; సాయంకాలపు ఆరు గంటలు పండ్రెండున్నర. పూర్ణగంటల భేదమున్న దేశములవారు గంటల యంకెను మాత్రము మార్చి ఊరకుండవచ్చును. మనకు ఆ అరగంట యుండుటచేత గంటతోపాటు నిమిషమును గూడ షరతులో చేర్చవలెను. వారమును బట్టి మార్చదలచినచో, మన తెల్లవారుజాము ఐదున్నర వరకు ఆ గడియారమునకు ఇంకను నిన్నటి దినమే. ఇంతకన్న సుఖమైన దారి లేకపోలేదు: లినక్సునందు టైమ్-డేట్-సీటీఎల్ ఆజ్ఞతో మదర్‌బోర్డు గడియారమును స్థానికకాలమున నుంచుమని చెప్పవచ్చును. ఒక సిస్టమునుండి మరియొకదానికి పోయినప్పుడెల్ల గడియారము ఐదున్నర గంటలు తప్పు చూపుచున్నదని విసుగుకొనువారి బాధయు దీనితోనే తీరును. మన దేశమునందు వేసవి వేళకు గడియారములను ముందునకు జరుపు ఆచారము లేకపోవుటచే, ఈ పద్ధతికి ఇతరత్ర చెప్పు ఆక్షేపణలు మనకు అంతగా తగులవు.

గడియారమునకు బదులు వేరే సాక్ష్యమును చూపవచ్చును. కొందరు విద్యావినోదులు ఒక చిన్న మైక్రోకంట్రోలరునకు నిజమైన స్విచ్చి నొకటి తగిలించి, దానిని యూఎస్‌బీ పెన్‌డ్రైవుగా కంప్యూటరునకు కనబడునట్లు చేసిరి. ఆ కల్పిత పెన్‌డ్రైవులో ఒకే చిన్న ఫైలు, స్విచ్చి ఇటున్నచో అందు సున్న, అటున్నచో ఒకటి. గ్రబ్ మేల్కొని ఆ ఫైలును చదివి దానిననుసరించి నడచుకొనును. మెనూ చూడకయే, కుర్చీలో కూర్చుండుటకు ముందే, బల్లపై స్విచ్చి త్రిప్పినచో చాలును. ఇందులోని చాతుర్యమేమన, గ్రబ్ దేనినీ వ్రాయనక్కరలేదు. చదువుట మాత్రమే దాని పని, అది దానికి చక్కగా వచ్చు. కళాశాల ప్రయోగశాలలవంటి చోట ఇదే న్యాయమును నెట్‌వర్కునకు వర్తింపజేయవచ్చును: అరువది యంత్రములకును మెనూలను ఒక సర్వరు పంపునట్లు అమర్చి, ఆ సర్వరులో ఒక్క ఫైలు మార్చినచో, మొదటి పీరియడునకు అన్నియు లినక్సుతోను, మధ్యాహ్నమునకు అన్నియు విండోసుతోను లేచును. ల్యాబ్ అసిస్టెంటు ప్రతి బల్లకును పోయి బాణపుమీట లొత్తు పని తప్పును.

ఇట్టి మార్పిడిని తామెన్నడును ఎరుగమని తలచు పాఠకుల జేబులలో గూడ అది యుండవచ్చును. 2016 లో వచ్చిన ఆండ్రాయిడ్ ఏడవ కూర్పునుండి, పెక్కు ఫోనులలో సిస్టము రెండు ప్రతులుగా, ఏ, బీ అను రెండు స్లాట్లలో ఉండును. మీరు ఏ లో పనిచేసికొనుచుండగా క్రొత్త కూర్పు బీ లో చేరును. రీస్టార్ట్ చేసినప్పుడు బూట్‌లోడరు బీ కి అవకాశమిచ్చును, ఎన్ని ప్రయత్నములు మిగిలినవో లెక్కపెట్టుచుండును. బీ సుఖముగా లేచి తాను కుశలమని వ్రాసినచో అదియే స్థిరపడును, లేవలేకపోయినచో ప్రయత్నములు తీరిన పిమ్మట బూట్‌లోడరు ఏ కి మరలిపోవును. ఒక్క తడవ అవకాశము, సఫలమైనచో స్థిరత్వము, విఫలమైనచో పాత చోటు: గ్రబ్‌లో మనము చేతితో కూర్చుకొనుదానినే ఫోను నిర్మాతలు పుట్టుకతో అమర్చిరి.

ఇంతయు చేసికొన్న పిమ్మట విఘ్నములు విండోసు వైపునుండియే హెచ్చుగా వచ్చును. 2012 నాటి విండోస్ ఎయిట్ నుండి ఫాస్ట్ స్టార్టప్ అను నేర్పాటు వచ్చినది. షట్‌డౌన్ నొక్కినను విండోసు పూర్తిగా నిష్క్రమింపక, తన కెర్నెల్ స్థితిని డిస్కుపై దాచి అర్ధనిద్రలో నుండును. అట్టి సమయమున లినక్సు మేల్కొని విండోసు డిస్కుభాగమును తెరువబోయినచో, అది వ్రాతకు లొంగదు. బలవంతము చేసినచో ఫైళ్లు చెడవచ్చును. రీస్టార్ట్‌నకు ఈ దోషము లేదు. కావున మార్పిడి కోరువాడు షట్‌డౌన్‌ను కాక రీస్టార్ట్‌నే వాడవలెను, లేదా ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపివేయవలెను. నేనైతే రెండును చేయుమందును.

సెక్యూర్ బూట్ అనునది ఇంకొక అధ్యాయము. నమ్మదగిన సంతకము లేని బూట్‌లోడరును ఫర్మ్‌వేరు నడుపదు. లినక్సువారు మైక్రోసాఫ్ట్ సంతకము గల షిమ్ అను చిన్న ప్రోగ్రామును ముందుంచి, దానిచేత గ్రబ్‌ను పరీక్షింపజేసి నడుపుదురు. 2020 జూలైలో ఎక్లిప్సియం సంస్థ బయటపెట్టిన బూట్‌హోల్ అను దోషము, గ్రబ్ తన మెనూ ఫైలును చదువుటలోనే యుండెను. మెనూ ఫైలు సాదా అక్షరములు గల, సంతకము లేని ఫైలగుటచే, దానిని మార్చగలిగినవాడు గ్రబ్‌ను తనకు లొంగదీసికొన వీలయ్యెను. అటుపిమ్మట లోపభూయిష్టములైన పాత కూర్పులను తిరస్కరించుటకు ఎస్‌బాట్ అను పద్ధతి వచ్చినది. 2024 ఆగస్టునందు వచ్చిన ఒక విండోసు అప్‌డేట్ ఆ పద్ధతిని అమలుపరచుటలో, రెండు సిస్టములున్న యంత్రములను వదలిపెట్టవలసినదిపోయి, వానిలో అనేకములను తాకినది. మరునాడు లినక్సును లేపబోయినవారికి, ఏదియో ఘోరముగా తప్పినదను సందేశము తెరపై కనబడెను. ఒక సిస్టము తనకొరకు చేసికొన్న జాగ్రత్త రెండవదాని ద్వారము మూసినది.

అన్నిటికన్న హెచ్చుగా ఎదురగునది బిట్‌లాకర్. విండోసు డిస్కు ఈ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ అయియున్నచో, దాని తాళపుచెవి మదర్‌బోర్డునందలి టీపీఎం చిప్పులో ఉండును. బూటు మార్గములో ఎవరెవరు ఏ క్రమమున వచ్చిరో ఆ చిప్పు కొలిచి చూచి, మునుపటి కొలతతో సరిపడినప్పుడే చెవి నిచ్చును. ఫర్మ్‌వేరు నేరుగా విండోసును పిలిచినప్పటి కొలత వేరు, నడుమ గ్రబ్ వచ్చినప్పటి కొలత వేరు. కావున గ్రబ్ ద్వారా స్వయంచాలకముగా విండోసునకు పంపిన యంత్రము, నీలితెరపై 48 అంకెల రికవరీ కీ నడుగుచు, అంకెలు కొట్టు మనుష్యుని కొరకు వేచి నిలిచిపోవచ్చును. గ్రబ్‌ను తప్పించి ఫర్మ్‌వేరు బూట్-నెక్స్ట్ ద్వారా నేరుగా విండోసు బూట్ మేనేజరునే పిలిచినచో ఈ బాధ చాలవరకు తప్పును. బిట్‌లాకర్ ఉన్న యంత్రములకు నేను సూచించు మార్గమదియే. ఏ మార్గము పట్టినను, సెట్టింగులపై చేయి వేయుటకు ముందే ఆ 48 అంకెలను కాగితముపై వ్రాసికొని బీరువాలో పెట్టుకొనవలెను. లినక్సు ఇన్‌స్టాల్ చేసిన పెన్‌డ్రైవును చెరపక ప్రక్కన నుంచుకొనవలెను. కీని అదే కంప్యూటరులో ఫైలుగా దాచుకొనుటవలన ప్రయోజనము లేదని వేరుగా చెప్పనేల.